డొమైన్ తమ్ముడి అకౌంట్‌లో ఉంది, గడువు ముంచుకొస్తోంది

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలు సుదీర్ఘంగా ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆవిడా, ఆవిడ భర్తా కలిసి సంగీత వాద్యాలు బాగుచేసే చిన్న సంస్థ నడుపుతున్నారు. ఆరేళ్ల కిందట ఆవిడ పిన్ని కొడుకు వాళ్లకు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. డాట్ కామ్ డొమైన్ కూడా తన అకౌంట్‌లోంచే తీసుకున్నాడు. ఏటేటా రెన్యువల్ డబ్బు ఆవిడ అతనికి పంపడం, అతను కట్టడం జరుగుతూ వచ్చింది. హోస్టింగ్ బిల్లు మాత్రం మొదటి నుంచీ ఈవిడే నేరుగా కడుతున్నారు. ఏడాది కిందట సైట్ మార్పుల ఖర్చు దగ్గర అక్కాతమ్ముళ్లకు మాటామాటా పెరిగింది. అప్పటి నుంచి అతను ఫోను ఎత్తడు. ‘పాస్‌వర్డ్ పంపు’ అని ఎన్ని మెసేజులు పెట్టినా చూసి ఊరుకుంటున్నాడు. డొమైన్ గడువు ఇంకా 38 రోజులే ఉంది. సంస్థ ఈమెయిళ్లు, బ్యాంకు లాగిన్‌తో సహా, అన్నీ ఆ డొమైన్ మీదే. ఈలోగా ఊరూపేరూ తెలియని ఒక కంపెనీ నుంచి ‘మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే డబ్బు కట్టండి’ అని నోటీసు కూడా వచ్చింది. భర్తేమో లాయర్ నోటీసు ఇద్దామంటున్నారు. తల్లేమో, పిన్నితో రాకపోకలు చెడతాయి, కొత్త పేరు తీసుకోమంటున్నారు. ‘డబ్బు నేనే కట్టాను కాబట్టి డొమైన్ నాదే కదా? గడువు దాటిపోనిచ్చి నేనే కొనుక్కుంటే పోదా? డాట్ నెట్, డాట్ ఆర్గ్ కూడా తీసుకోవాలా?’ అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు సమస్యలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. డొమైన్ ఎవరిదన్నది ఒకటి, 38 రోజుల్లో అది ఆగిపోకుండా చూడటం ఇంకొకటి. మొదటిది తేలడానికి నెలలు పట్టినా పట్టొచ్చు. రెండోదానికి అంత వ్యవధి లేదు. అయితే ఆ రెండోదాన్ని యాజమాన్యం సంగతి తేలకుండానే సర్దుకోవచ్చు. అందుకే ముందు గడువు సంగతి చూద్దాం.

అంతకంటే ముందు, ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. బ్యాంకు, పన్నుల ఖాతా, హోస్టింగ్ అకౌంట్, సోషల్ మీడియా పేజీలు, వీటిలో ఎక్కడెక్కడ ఆ డొమైన్ మెయిల్ ఇచ్చారో చూసి, అన్నిచోట్లా రికవరీ ఈమెయిల్‌గా ఇంకో మామూలు మెయిల్ చిరునామా పెట్టండి. డొమైన్ ఆగిన నాడు మెయిల్ కూడా ఆగుతుంది. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఆ లింకు వచ్చేది కూడా ఆగిపోయిన మెయిల్‌కే. రేపెప్పుడైనా ఆ పేరు పరాయివాళ్ల చేతిలో పడితే మీ పేరున వచ్చే మెయిళ్లన్నీ వాళ్లు అందుకోగలరు. మీ బ్యాంకు పంపే రీసెట్ లింకు కూడా అందులో ఉంటుంది. తమ్ముడితో రాజీ కుదిరినా, కుదరకపోయినా ఈ పని తప్పదు.

తర్వాత రికార్డు చూడండి. ప్రపంచమంతా డొమైన్ పేర్లకు నియమాలు పెట్టే ఐకాన్ సంస్థ నడిపే లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో మీ డొమైన్ పేరు కొడితే వివరాలు వస్తాయి. ఒకప్పుడు దీన్ని హూయిజ్ అనేవారు. 2025 జనవరి నుంచి డాట్ కామ్ లాంటి వాటికి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతే అధికారికం. యజమాని పేరు, ఫోను బహుశా కనపడవు. యూరప్ గోప్యతా చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాక చాలామంది రిజిస్ట్రార్లు, అంటే డొమైన్లు నమోదు చేసే కంపెనీలు, వాటిని కప్పేస్తున్నారు. ఫర్వాలేదు, మీకు కావాల్సినవి నాలుగే: రిజిస్ట్రార్ పేరు, గడువు తేదీ, స్టేటస్, నేమ్‌సర్వర్ల (మీ సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే కంప్యూటర్ల) పేర్లు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇక్కడ ఎవరెవరు ఏమిటో తెలియాలి. డాట్ కామ్ పేర్లన్నిటి పెద్ద పట్టికను నిర్వహించేది వెరిసైన్ అనే రిజిస్ట్రీ. వాళ్లు మనతో నేరుగా వ్యవహరించరు. మనకు పేరు ఇచ్చేది ఐకాన్ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ కింద, వాళ్ల పేర్లనే తిరిగి అమ్మే రీసెల్లర్లు ఉంటారు. మీ తమ్ముడు ఎవరో రీసెల్లర్ దగ్గర తీసుకుని ఉంటే అతను మీకు చెప్పిన కంపెనీ పేరు ఒకటి, రికార్డులో ఉన్న పేరు ఇంకొకటి కావచ్చు. రికార్డులో ఉన్నదే లెక్క. రీసెల్లర్ చేతులెత్తేసినా రిజిస్ట్రార్ బాధ్యత పోదు.

ఇక ‘డబ్బు నేనే కట్టాను కదా’ అన్న ప్రశ్న. డొమైన్‌ను ఎవరూ శాశ్వతంగా కొనుక్కోరు. ఏడాది నుంచి గరిష్ఠంగా పదేళ్ల వరకు రాయించుకుంటారు, అంతే. రిజిస్ట్రార్ దృష్టిలో హక్కుదారు అంటే రికార్డులో రిజిస్ట్రెంట్‌గా ఉన్నవాళ్లే. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో వాళ్లు అడగరు. మీరు సొమ్ము పెట్టిన పొలానికి పట్టా తమ్ముడి పేరున ఉన్నట్టన్నమాట. న్యాయం మీ పక్కనే ఉండొచ్చు, కాగితం మాత్రం అతని పక్కన ఉంది. అయితే ఒక చిన్న ఆశ. రిజిస్ట్రెంట్ వివరాల్లో వ్యక్తి పేరుకు ఒక గడి, సంస్థ పేరుకు ఇంకో గడి ఉంటాయి. సంస్థ గడిలో మీ సంస్థ పేరు రాసి ఉంటే సాధారణంగా సంస్థనే హక్కుదారుగా చూస్తారు. అప్పుడు మీ బలం చాలా పెరుగుతుంది. కొన్నిసార్లు సంస్థ పేరు బయటికి కనపడుతుంది. కనపడకపోతే తమ్ముడినే అడగాలి, లేదా రిజిస్ట్రార్‌కు రాయాలి.

తమ్ముడి మౌనం గురించి ఒక మాట. మీ మెసేజులన్నిట్లో మీరు అడిగింది పాస్‌వర్డ్. వెబ్‌సైట్లు చేసే చాలామంది తమ క్లయింట్ల డొమైన్లన్నీ ఒకే అకౌంట్‌లో పెట్టుకుంటారు. మీకు పాస్‌వర్డ్ ఇస్తే మిగతా క్లయింట్ల పేర్లు కూడా మీ చేతిలో పెట్టినట్టే. కోపం లేకపోయినా అతను ఇవ్వలేడు, ఇవ్వకూడదు కూడా. కాబట్టి అడగాల్సింది పాస్‌వర్డ్ కాదు, అకౌంట్ మార్పు. చాలా రిజిస్ట్రార్లలో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు డొమైన్‌ను నెట్టేసే సదుపాయం ఉంటుంది. దీన్ని ‘పుష్’ అంటారు. ముందుగా మీరు అదే రిజిస్ట్రార్ దగ్గర ఉచితంగా అకౌంట్ తెరవండి. డొమైన్ రీసెల్లర్ ద్వారా తీసుకున్నదైతే ఆ రీసెల్లర్ దగ్గరే తెరవాలి. మీ అకౌంట్ ఈమెయిల్ అతను అక్కడ ఇస్తే చాలు, సాధారణంగా కొన్ని నిమిషాల్లో మీ దగ్గరికి వచ్చేస్తుంది. గడువు తేదీ మారదు, సైట్ ఆగదు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు: ‘తమ్ముడూ, పాత గొడవ గురించి కాదు ఇది. మా డొమైన్ గడువు ఫలానా తేదీకి అయిపోతుంది. ఏటా నీకు ఈ పని తగలకుండా నా అకౌంట్‌లోకి మార్చేసుకుంటాను. ఫలానా రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరిచాను, దాని మెయిల్ ఇది. ఈ ఒక్క డొమైన్‌ని అక్కడికి పుష్ చెయ్యి, నీ పాస్‌వర్డ్ నాకు అక్కర్లేదు. లాగిన్ మర్చిపోయుంటే చెప్పు, కలిసి చూద్దాం. నీకు నేనివ్వాల్సింది ఏమైనా ఉంటే ఆ లెక్క విడిగా చూసుకుందాం.’ ఈ వారంలోనే పంపండి. డాట్ కామ్ లాంటి డొమైన్లకు గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి, గడువు దాటాక అయిదు రోజుల్లోపు మరోసారి రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలన్నది ఐకాన్ నియమం. మొదటిది మరో వారం పది రోజుల్లో అతని మెయిల్‌కు వెళుతుంది. మీ మెసేజ్ అంతకు ముందే చేరితే ఆ హెచ్చరిక మీకు సాయం చేసినట్టవుతుంది.

అతను ఒప్పుకుంటే మీకు రెండు దారులు. ఒకటి ఇప్పుడు చెప్పిన పుష్. రెండోది రిజిస్ట్రార్‌నే మార్చేసే ట్రాన్స్‌ఫర్. దీనికి అతను డొమైన్ మీదున్న లాక్ తీయాలి. స్టేటస్‌లో క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని కనపడితే లాక్ ఉన్నట్టు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్‌కు పాస్‌వర్డ్‌లా పనిచేసే ఆథ్ కోడ్ ఇవ్వాలి. కోడ్ అడిగిన అయిదు రోజుల్లోపు రిజిస్ట్రార్ ఇచ్చి తీరాలి. ట్రాన్స్‌ఫర్ మొదలయ్యాక పాత రిజిస్ట్రార్‌కు అభ్యంతరం చెప్పడానికి ఇంకో అయిదు రోజులుంటాయి. అంటే మొత్తం పది పన్నెండు రోజులు. గడువుకు కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ఫర్‌తో మామూలుగా ఒక ఏడాది కలుస్తుంది, కాబట్టి రెన్యువల్ కూడా అందులోనే అయిపోతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. రిజిస్ట్రెంట్ పేరు, సంస్థ లేదా ఈమెయిల్ మారిస్తే, ముందే వద్దని చెప్పుకునే వీలు రిజిస్ట్రార్ ఇవ్వకపోతే, 60 రోజుల దాకా వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లనివ్వరు. మీరు ముందు పేరు మార్పించుకుని, తర్వాత ట్రాన్స్‌ఫర్ చేద్దామనుకుంటే గడువు మధ్యలో దాటిపోతుంది. వేరే రిజిస్ట్రార్‌కే వెళ్లాలనుకుంటే ముందు ట్రాన్స్‌ఫర్, అక్కడికి చేరాక పేరు మార్పు. తొందరేమీ లేదంటే ఇప్పుడు పుష్, పేరు మార్పు, అక్కడే రెన్యువల్ చేసుకుని, రెండు నెలల తర్వాత తీరిగ్గా మారొచ్చు. నేనైతే మీకు ఈ పుష్ దారే చెబుతాను, తమ్ముడి చేత చేయించాల్సిన పని అందులో తక్కువ. పేరు మార్పుకు పాత హక్కుదారు, కొత్త హక్కుదారు ఇద్దరి మెయిళ్లకూ నిర్ధారణ అడుగుతూ సందేశం రావచ్చు. అతను తన మెయిల్‌లోనూ ఒక లింకు నొక్కాలని ముందే చెప్పి ఉంచండి.

నేమ్‌సర్వర్లు చూడమన్నది ఇందుకే. అవి మీ హోస్టింగ్ కంపెనీవైతే సైట్, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డులు మీ అకౌంట్‌లోనే ఉన్నట్టు. డొమైన్ ఎక్కడికి మారినా సైట్, మెయిల్ కదలవు. అవి రిజిస్ట్రార్ నేమ్‌సర్వర్లయితే మాత్రం రికార్డులు తమ్ముడి అకౌంట్‌లో ఉన్నాయి, మారేటప్పుడు పోవచ్చు. వాటి కాపీ ముందే తీసుకోండి. సైట్ చిరునామా చెప్పే ‘A’ అనే రికార్డు, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎమ్ఎక్స్, మీ పేరున మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ ఉండే టెక్స్ట్ రికార్డు బయటి నుంచి ఏ డీఎన్ఎస్ లుకప్ సాధనంతోనైనా కనపడతాయి. కనపడనిది డీకిమ్, అంటే మెయిల్ మీ దగ్గర్నుంచే వచ్చిందని చెప్పే సంతకం తాలూకు రికార్డు. దాని పేరు (సెలెక్టర్) తెలియక వెతకలేం, అది తెలియాలంటే మీ సంస్థ మెయిల్ నుంచి మీ సొంత మెయిల్‌కు ఒక ఉత్తరం పంపి, దాని పూర్తి హెడర్ తెరవండి. డీకిమ్ సిగ్నేచర్ అన్న వరుసలో ‘ఎస్’ అక్షరం, సమానం గుర్తు తర్వాత ఉండే మాటే ఆ సెలెక్టర్ పేరు. ఇది మర్చిపోతే మెయిళ్లు వెళుతున్నట్టే ఉంటాయి, కానీ అవతలివాళ్ల స్పామ్‌లో పడుతుంటాయి. ఎందుకో అర్థం కాక వారాలు గడిచిపోతాయి.

ఈ కాపీ ప్రకారం హోస్టింగ్ దగ్గర రికార్డులన్నీ ముందే సిద్ధం చేసి, ఆ తర్వాతే నేమ్‌సర్వర్లు మార్చాలి. డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ల వివరాలు 48 గంటల వరకు ఇతరుల కంప్యూటర్లలో గుర్తుండిపోతాయి, కాబట్టి రెండు రోజుల పాటు పాతచోట ఏదీ చెరపకండి. డీఎన్ఎస్‌సెక్ అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉంటే ముందుగా దాని తాలూకు డీఎస్ రికార్డు తీయించి, ఒక రోజు ఆగి, అప్పుడు మార్చండి. లేకపోతే సైట్ కొందరికి వస్తుంది, కొందరికి అసలు రాదు.

తమ్ముడు పలకనేలేదనుకోండి. కొన్ని రిజిస్ట్రార్లు ఎవరు డబ్బు కట్టినా రెన్యువల్ తీసుకుంటాయి. మీ రిజిస్ట్రార్ సపోర్ట్‌ను అడగండి: ‘నేను హక్కుదారును కాను, కానీ ఈ పేరుకు ఏడాది రెన్యువల్ కట్టొచ్చా?’ ఒప్పుకుంటే వెంటనే కట్టేయండి. దీనివల్ల డొమైన్ మీది కాదు, తమ్ముడి పేరునే ఇంకో ఏడాది ఉంటుంది. మీకు మాత్రం ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రసీదు దాచుకోండి, రేపు వివాదం వస్తే అదీ ఒక ఆధారమే. ఒప్పుకోకపోతే పెద్దవాళ్ల చేత కబురు పెట్టించడమే మిగిలింది, కానీ కబురు ‘రెన్యువల్ ఒక్కటి చేసేయమను, డబ్బు పంపాను’ అన్నంతవరకే ఉండాలి. మార్పిడి సంగతి అదే కబురులో కలిపితే రెండూ ఆగిపోతాయి.

మొండికేస్తే అప్పుడు మీవారు చెప్పిన దారి. లాయర్ నోటీసు తప్పేమీ కాదు. కానీ దానితో రిజిస్ట్రార్ డొమైన్‌ను మీ చేతిలో పెట్టదు. ఇద్దరి మధ్య ఎవరిది న్యాయమో వాళ్లు తేల్చరు, కోర్టు ఉత్తర్వు ఉంటే పాటిస్తారు. నోటీసు అందిన మనిషి సాధారణంగా బిగుసుకుపోతాడు, గడువు మాత్రం తన దారిన అది పరుగెడుతుంది. అందుకే నోటీసు రెన్యువల్ అయ్యాకే ఇవ్వండి, నోటీసుతో రెన్యువల్ చేయించుకోవాలనుకోవద్దు. 1999 నుంచి ఉన్న యూడీఆర్‌పీ అనే ఐకాన్ వివాద పరిష్కార పద్ధతి గురించి ఎవరైనా చెప్పొచ్చు. అది ట్రేడ్‌మార్క్ హక్కు ఉన్నవాళ్లకు. పేరు మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందనీ, అవతలివాళ్లకు దాని మీద హక్కు లేదనీ, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారనీ మూడూ నిరూపించాలి. మీ కోసమే, మీరు అడిగితేనే తీసుకున్న పేరుకు ఆ మూడోది నిలబడటం కష్టం. కుటుంబ లెక్కలకూ, కాంట్రాక్టు తగాదాలకూ అది సరిపడదు. ఈలోగా చేయాల్సింది ఆధారాలు కూడగట్టడం: ఆరేళ్లుగా అతనికి పంపిన డబ్బు వివరాలు, ‘మీ డొమైన్ రెన్యూ చేశాను అక్కా’ లాంటి పాత మెసేజులు, మొదటి కొటేషన్. వాటి తేదీలు కనపడాలి.

గడువు దాటనిచ్చి కొనుక్కుంటానన్న ఆలోచన మాత్రం మానుకోండి. గడువు రోజున పేరు మార్కెట్లోకి వచ్చేయదు. డాట్ కామ్‌లో గడువు తర్వాత 45 రోజుల దాకా గ్రేస్ కాలం ఉంటుంది, అందులో ఎన్ని రోజులు వాడాలన్నది రిజిస్ట్రార్ ఇష్టం. చాలామంది కొద్దిరోజుల్లోనే సైట్, మెయిల్ ఆపేసి ప్రకటనల పేజీ పెడతారు, పేరును వేలంలో కూడా పెట్టేస్తారు. వేలంలో పోతే అది డిలీట్ దాకా రానే రాదు. డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్ కాలం, అప్పుడు ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తెచ్చుకునే హక్కు పాత హక్కుదారుకే, అంటే మీ తమ్ముడికే. ఆ తర్వాత అయిదు రోజుల పెండింగ్ డిలీట్, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. చివరికి విడుదలయ్యే క్షణాన, ఆరేళ్ల చరిత్ర ఉన్న పేర్ల కోసం కాచుక్కూర్చున్న ప్రోగ్రాములు మీరు కీబోర్డు మీద చెయ్యి వేసేలోపు తన్నుకుపోతాయి.

ఇంకో మోసపోయే చోటు కూడా ఉంది. గడువు దాటగానే వెరిసైన్ పట్టికలో తేదీ దానంతటదే ఏడాది ముందుకు జరుగుతుంది. అది చూసి ‘తమ్ముడు కట్టేశాడు’ అనుకోకండి. డబ్బు పడకపోతే రిజిస్ట్రార్ ఆ ఏడాదిని రద్దు చేస్తుంది. నమ్మాల్సింది రిజిస్ట్రార్ ఇచ్చే గడువు తేదీని.

మీ అమ్మగారి సలహా, కొత్త పేరు, పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. ఈ రోజే మీ అకౌంట్‌లో, మీ సంస్థ పేరున ఒకటి తీసుకుని మెయిల్ దాని మీద కూడా నడపడం మంచి బీమా. అన్నీ విఫలమైనా పని ఆగదు. కానీ పాత పేరు చేతిలో లేకుండా మారితే పాత లింకులను కొత్తచోటికి మళ్లించలేరు, సెర్చ్‌లో ఆరేళ్లుగా వచ్చిన స్థానం పోతుంది, పాత మెయిల్‌కు రాసే ఖాతాదారులు మిమ్మల్ని అందుకోలేరు. పాతదాన్ని వదిలేయాలనుకున్నా కనీసం ఒకటి రెండేళ్లు రెండూ కలిపి నడపాలి. అంటే తమ్ముడితో మాట తప్పదు.

మీకొచ్చిన నోటీసు పంపిన కంపెనీ పేరు, రికార్డులో ఉన్న రిజిస్ట్రార్ పేరు పోల్చండి. కలవకపోతే పైసా కట్టకండి. వేరే రిజిస్ట్రార్‌లోకి లాక్కోవడానికో, ‘సెర్చ్ ఇంజన్ నమోదు’ లాంటి పనికిరాని సేవ అంటగట్టడానికో పంపేవే ఇవి. మీ విషయంలో అసలు నోటీసు మీకు కాదు, తమ్ముడికి వెళ్లాలి. అది ఒక్కటే చాలు అనుమానించడానికి.

డొమైన్ మీ చేతికి వచ్చాక, రిజిస్ట్రెంట్ ఈమెయిల్‌గా ఆ డొమైన్ మీది చిరునామా మాత్రం పెట్టకండి. ఆ మెయిల్‌కు నిర్ధారణ లింకు వస్తుంది, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ను ఆపేయొచ్చు. స్పామ్ కూడా వెతకండి. లాక్, రెండంచెల లాగిన్, ఆటో రెన్యువల్ ఆన్ చేసి, దానికిచ్చిన కార్డు గడువు కూడా క్యాలెండర్‌లో రాసుకోండి. ఆటో రెన్యువల్ ఉండీ పేరు పోయిందంటే చాలాసార్లు కారణం పాతబడిన కార్డే.

ఇక డాట్ నెట్, డాట్ ఆర్గ్. చిన్న సంస్థకు అన్నీ పోగేయాల్సిన అవసరం లేదు, ఏటా ప్రతిదానికీ విడిగా కట్టాలి. మీ ఖాతాదారులు పేరును తప్పుగా టైప్ చేసే తీరు ఏదైనా మీ దృష్టికి వస్తే ఆ ఒక్క స్పెల్లింగ్ తీసుకోండి, డాట్ నెట్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.